గుట్టమేత ఆవు

మా పలమనేరు వైపు వాన తక్కువ. గుట్టల మీద బోదగడ్డి వానకు లేస్తుంది, మాఘానికల్లా ఎండుతుంది. ఆ ఎండుమేతతోనే నెట్టుకొచ్చింది పుంగనూరు ఆవు. ఎత్తు 70 నుంచి 90 సెంటీమీటర్లు, బరువు 115 నుంచి 200 కిలోలు. ఒళ్లు చిన్నది గనుక రోజుకు ఐదు కిలోల మేత చాలు. పాలు కొంచెమే, వెన్నశాతం మాత్రం దాదాపు 8.

పుంగనూరు జమీందార్లు ఈ జాతిని పోషించారు. జమీలు పోయాయి. పాలకేంద్రాలొచ్చాక లీటర్ల లెక్క మొదలైంది. మా నాయన కూడా పొట్టావును అమ్మి జెర్సీని కట్టేశాడు. ఊరూరా అదే తంతు. సంకరంతో అసలు జాతి సన్నగిల్లింది. పలమనేరు పశు పరిశోధన కేంద్రం కొంత మందను నిలిపింది.

ఇప్పుడు నగరాల్లో ముద్దుకు పెంచుకుంటున్నారు, ధర లక్షలు పలుకుతోంది. ఆవును కొనేవాళ్లు సరే, దాన్ని ఇట్లా మలిచిన గుట్టబీళ్లను కూడా కాపాడండి.