హార్డ్‌వేర్ మార్చాక మొదలవని కంప్యూటర్

ర్యామ్, ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు వంటిది కొత్తగా వేశాక కంప్యూటర్ ఆన్ కాకపోవడం, లేదా ఫ్యాన్లు తిరుగుతున్నా తెర వెలగకపోవడం ఒక్కోసారి జరుగుతుంది. కొత్త భాగం చెడిపోయిందని వెంటనే తేల్చేయకూడదు. అది సరిగా కూర్చోకపోయినా, మదర్‌బోర్డుకు సరిపడకపోయినా ఇలాగే జరుగుతుంది.

ముందు ప్లగ్గు పీకి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోవాలి. ర్యామ్ తీసి, స్లాటును మెత్తని బ్రష్‌తో దులిపి, క్లిప్పు టక్కుమనేదాకా మళ్లీ నొక్కాలి. దుమ్మును తేలిగ్గా తీసుకోకూడదు. డీడీఆర్3 ర్యామ్‌కు 240 పిన్నులు, డీడీఆర్4కు 288. గాడి ఉండే చోటూ వేరు కాబట్టి ఒకదాని స్లాటులో మరొకటి దిగదు, బలవంతం చేస్తే విరుగుతుంది. డీడీఆర్5 వేస్తే మొదటిసారి తెర వెలగడానికి కొన్ని నిమిషాలు పట్టవచ్చు. ఆలోపు కరెంటు తీయకూడదు.

ప్రాసెసర్ దగ్గరి 4 లేదా 8 పిన్నుల పవర్ కేబుల్ పెట్టడం మరిచినా ఫ్యాన్లు తిరుగుతాయి, బొమ్మ రాదు. కొత్త ప్రాసెసర్‌ను పాత బయాస్ (బోర్డును మొదలుపెట్టే ప్రోగ్రామ్) గుర్తించకపోతే, పాతది తిరిగి పెట్టి బయాస్ అప్‌డేట్ చేయాలి. బోర్డు మీది సీఆర్2032 బటన్ బ్యాటరీని కాసేపు తీసిపెడితే చాలా బోర్డుల్లో బయాస్ సెట్టింగులు మొదటికొస్తాయి.

ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై పెట్టె) మూత మాత్రం విప్పకూడదు. ప్లగ్గు పీకాక కూడా లోపలి కెపాసిటర్లలో ప్రాణాంతకమైన వోల్టేజి నిలిచి ఉండవచ్చు.