ఆస్బెస్టాస్ వ్యాధులు – నష్టపరిహార బాధ్యత

ఆస్బెస్టాస్ (రాతినార) ధూళి వల్ల జబ్బుపడిన కార్మికులకు, పరిసరవాసులకు పరిహారం ఎవరు చెల్లించాలో నిర్ణయించే న్యాయసూత్రాలు ఇరవయ్యో శతాబ్దం నుంచి రూపుదిద్దుకుంటూ వచ్చాయి. నిప్పుకు కాలని ఈ ఖనిజాన్ని పైకప్పు రేకుల్లో, గొట్టాల్లో, బాయిలర్ల తొడుగుల్లో విరివిగా వాడారు. దీని పోగులు ఊపిరితిత్తుల్లో చేరితే ఆస్బెస్టోసిస్, ఊపిరితిత్తుల క్యాన్సర్, మెసోథీలియోమా రావచ్చు. ఇవి బయటపడటానికి దశాబ్దాలు పడుతుంది. ఈలోగా దావా గడువు తీరిపోవచ్చు, కంపెనీ మూతపడవచ్చు, ఎవరి దగ్గర పనిచేస్తుండగా జబ్బు వచ్చిందో తేలకపోవచ్చు. ప్రధాన తీర్పులన్నీ ఈ చిక్కుల చుట్టూనే తిరిగాయి.

తొలి దశ

1924లో ఇంగ్లండులోని రాచ్‌డేల్‌లో ఒక ఆస్బెస్టాస్ మిల్లు కార్మికురాలి మరణాన్ని వైద్యుడు డబ్ల్యు.ఇ. కుక్ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో నమోదు చేశాడు. 1930 నాటి ప్రభుత్వ నివేదిక ధూళికీ జబ్బుకీ ఉన్న సంబంధాన్ని చూపింది. మరుసటి ఏడాది ఫ్యాక్టరీలకు నిబంధనలు వచ్చాయి. 1960లో పరిశోధకుడు వాగ్నర్ బృందం దక్షిణాఫ్రికా గనుల పరిసరాల్లో నివసించినవారిలోనూ మెసోథీలియోమా ఉన్నట్లు ప్రకటించింది.

అమెరికా, ఐరోపా

1936 నుంచి 1969 వరకు టెక్సాస్ ప్రాంతంలో ఇన్సులేషన్ పనిచేసిన బోరెల్ అనే కార్మికుడు తన యజమానిపై కాక, సరుకు తయారుచేసిన కంపెనీలపై దావా వేశాడు. ప్రమాదం గురించి హెచ్చరించకపోవడం తయారీదారుల తప్పేనని 1973లో ఫెడరల్ అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది. అప్పటికే బోరెల్ మరణించాడు. ఆ దారిలో వేల దావాలు వెల్లువెత్తడంతో 1982లో జాన్స్-మాన్‌విల్ కంపెనీ దివాలా రక్షణ కోరింది. బాధితుల కోసం ప్రత్యేక నిధి ఏర్పడింది.

ఇంగ్లండులోని లీడ్స్‌లో ఆస్బెస్టాస్ ఫ్యాక్టరీ పక్కన ధూళిలో ఆడుకున్న పిల్లలు పెద్దయ్యాక జబ్బుపడగా, బాధ్యత గోడల దగ్గర ఆగదని 1996లో అప్పీలు కోర్టు తేల్చింది. పలువురు యజమానుల వద్ద పనిచేసినవారి విషయంలో, ముప్పును గణనీయంగా పెంచిన ప్రతి యజమానీ బాధ్యుడేనని 2002లో ఫెయిర్‌చైల్డ్ కేసులో హౌస్ ఆఫ్ లార్డ్స్ నిర్ణయించింది. ఇటలీలో మాత్రం ఆస్బెస్టాస్ సరుకు తయారుచేసిన ఎటర్నిట్ కంపెనీ యజమానికి కింది కోర్టులు వేసిన జైలుశిక్షను 2014లో అత్యున్నత న్యాయస్థానం రద్దు చేసింది. నేరానికి కాలదోషం పట్టిందన్నదే కారణం.

భారతదేశం

కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో ఆస్బెస్టాస్ గనులు నడిచాయి. సిమెంటు రేకులు తెలుగు ఊళ్లలో ఇళ్లకు, కోళ్ల ఫారాలకు చౌక పైకప్పు అయ్యాయి. 1995 జనవరి 27న సుప్రీంకోర్టు, వినియోగదారుల విద్యా పరిశోధన కేంద్రం వేసిన కేసులో కార్మికుడి ఆరోగ్య హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణంలో భాగమేనని ప్రకటించింది. ఈ తీర్పు రాసిన జస్టిస్ కె. రామస్వామి అంతకుముందు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి. కార్మికుడి ఆరోగ్య రికార్డును ఉద్యోగం మొదలైన నాటి నుంచి 40 ఏళ్లు లేదా విరమణ తర్వాత 15 ఏళ్లు, ఏది ఆలస్యమైతే అంతవరకు భద్రపరచాలని కోర్టు ఆదేశించింది. జబ్బు ఆలస్యంగా బయటపడినా సాక్ష్యం మిగలాలన్నదే ఈ గడువు ఉద్దేశం. 2011లో సంపూర్ణ నిషేధం కోరిన పిటిషన్‌ను అదే కోర్టు తిరస్కరించింది. బ్రిటన్ 1999లోనే తెల్ల ఆస్బెస్టాస్‌ను నిషేధించగా, భారత్‌లో దాని వాడకానికి చట్టబద్ధమైన అనుమతి కొనసాగింది.