గుంటూరు మిర్చి రంగు పరీక్ష: కంటి నుంచి కెమెరా దాకా

ఎండుమిర్చి పాతబడిందని మొదట చెప్పేది దాని రంగే. కాయకు ఎరుపునిచ్చే కాప్సాంథిన్, కాప్సోరుబిన్ వెలుతురుకు, వేడికి, గాలికి మెల్లగా చెడిపోతాయి. రంగును బట్టి సరుకు తాజాదనాన్ని అంచనా కట్టే పద్ధతి గుంటూరు, ప్రకాశం మైదానాల మిర్చి బేరంలో ఎప్పటినుంచో ఉంది.

తొలి పరీక్ష కల్లంలో జరిగేది. తెల్లబారిన తాలు కాయలను కూలి ఆడవాళ్లు ఒక్కొక్కటిగా ఏరేవారు. నేటికీ చాలాచోట్ల ఆ పని వాళ్లదే. మార్కెట్ ధరను నిలబెట్టే నైపుణ్యం ఇది, దక్కేది మాత్రం రోజు కూలే. సరుకు టిక్కీల్లో (బస్తాల్లో) గుంటూరు మార్కెట్ యార్డుకు చేరాక కొనుగోలుదారు మచ్చు తీసి, రంగు, మెరుపు, తొడిమ చూస్తాడు. కాయను విరిచి, నలిపి తేమ అంచనా కడతాడు. డీలక్స్, బెస్ట్, మీడియం అన్న తేడాలు ఆ చూపులోనే తేలిపోతాయి. ఏడాది కష్టం ఒకరి చూపు మీద ఆధారపడడం రైతుకు ఎప్పుడూ భారమే.

శీతల గిడ్డంగులు వచ్చాక రంగు కాపాడుకుంటూ ధర కోసం ఆగే వీలు కలిగింది. 'ఏసీ కాయ'కు విడిగా ధర పలకడం అలా మొదలైంది.

కంటి పరీక్షకున్న లోపం 2003లో ప్రపంచానికి తెలిసింది. భారత్ నుంచి వెళ్లిన కారం ఉత్పత్తుల్లో సూడాన్-1 అనే పారిశ్రామిక రంగు బయటపడడంతో, యూరోపియన్ యూనియన్ ఆ ఏడాది జూన్‌లో దిగుమతులకు పరీక్షా పత్రాలు తప్పనిసరి చేసింది. ఎంత ఎర్రగా ఉందన్నది ఒక్కటే చాలలేదు, ఆ ఎరుపు ఎక్కడిదన్నది ముఖ్యమైంది. స్పైసెస్ బోర్డు ఎగుమతి సరుకుకు సూడాన్ పరీక్షను తప్పనిసరి చేసింది; గుంటూరులోనూ బోర్డు ప్రయోగశాల ఏర్పడింది. సహజ రంగుకు కొలత ఆస్టా విలువ: పొడిలోని రంగును అసిటోన్‌లోకి దించి, 460 నానోమీటర్ల కాంతిని ఆ ద్రావణం ఎంత పీల్చుకుంటుందో చూస్తారు. ఈ లెక్కలో బ్యాడిగి రకానిది పైచేయి. తేజ రకం విలువ దాని ఘాటులో ఉంది.

ఆ తర్వాత వచ్చిన రంగు వేర్పాటు యంత్రాల్లో జారే కాయలను కెమెరాలు పట్టి చూస్తాయి; తాలు కాయ కనబడగానే వేగంగా ఊదిన గాలి దాన్ని పక్కకు నెడుతుంది. కల్లంలోని చేతుల పనినే ఇవి వేగంగా చేస్తాయి. మామూలు కెమెరా చూసేది పైతోలునే. తేమగా నిల్వ చేసిన కాయ లోపల బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం పుట్టినా, బయటి ఎరుపు చెక్కుచెదరకపోవచ్చు. బి రకం అఫ్లాటాక్సిన్లు అతినీలలోహిత కాంతిలో నీలంగా మెరుస్తాయి గనుక ఆ వెలుగులో చిత్రాలు తీసి పట్టే ప్రయత్నాలు జరిగాయి. ఎగుమతికి మాత్రం ప్రయోగశాల పత్రమే ప్రమాణం.