‘నీ అంతు చూస్తా’ అన్న మాట

గట్టు తగాదాలోనో వాటాల పంపకంలోనో మనవాళ్ల నోట అలవోకగా వచ్చే మాట ‘నీ అంతు చూస్తా’. అన్నవాడు ఇంటికెళ్లి అన్నం తిని పడుకుంటాడు. విన్నవాడికి ఒక్కోసారి ఆ రాత్రి నిద్ర పట్టదు. తెల్లారి పొలానికి ఒంటరిగా పోడు. కోర్టు వాయిదాకు వెళ్లాలా మానాలా అని మథనపడతాడు. ఉత్త కోపంగా మిగిలే మాటేది, ఎదుటి మనిషి బతుకునే మార్చేసే మాటేది? చట్టం ఈ లెక్క రెండు వేల ఏళ్లుగా తేలుస్తూనే ఉంది.

కౌటిల్యుడి అర్థశాస్త్రం మాటతో చేసే నేరాన్ని వాక్పారుష్యం అంది. అందులో నింద, తిట్టు, బెదిరింపు అని మూడు రకాలు చూపింది. ‘నిన్ను ఇలా చేస్తా’ అని బెదిరించి, ఆ పని చేయకుండా ఊరుకున్నవాడికి, చేసి ఉంటే పడే జరిమానాలో సగం వేసింది. చేసే శక్తి లేనివాడు కోపంలోనో మత్తులోనో అనేశానని చెప్పుకుంటే 12 పణాలతో సరిపెట్టింది. పగ పట్టినవాడై, హాని చేసే సత్తా కూడా ఉన్నవాడైతే మాత్రం జరిమానాతో వదల్లేదు, జీవితాంతానికి పూచీ ఇమ్మంది. నాకు ఈ మూడో మెట్టు మీద చాలా గౌరవం. అది మాట ఎంత పరుషంగా ఉందో చూడలేదు, మాట వెనకున్న పగనూ బలాన్నీ తూచింది. ఎన్నికలొస్తే తహసీల్దారు ముందు బైండోవర్ చేసి పూచీకత్తు రాయించుకోవడం మన మండలాల్లో ఇప్పటికీ చూస్తాం. దాని మూలాలు ఇంగ్లిష్ చట్టంలో ఉన్నా ఆలోచన మాత్రం ఇదే. కాకపోతే జీవితాంతపు పూచీ ఇప్పుడు గరిష్ఠంగా ఒక ఏడాదికి కుదించుకుపోయింది.

ఇంగ్లండులో 1723 నాటి బ్లాక్ యాక్ట్, పేరు లేకుండా బెదిరింపు ఉత్తరం రాసి డబ్బు అడిగినవాడికి ఉరి ఖాయం చేసింది. అడవుల మీద, వేట జింకల మీద హక్కులున్న భూస్వాముల భయం నుంచి పుట్టిన చట్టమది. ఎవరి భయానికి చట్టం ముందుగా తలుపు తీస్తుందన్న ప్రశ్న అక్కడే మొదలైంది.

మన దేశంలో కంపెనీ అధికారులను బాగా తికమక పెట్టింది వేరే రకం బెదిరింపు. బాకీ రాబట్టుకోవాలనుకున్న బ్రాహ్మణుడు చేతిలో విషమో బాకో పట్టుకుని బాకీదారు గుమ్మం ముందు ఉపవాసం కూర్చునేవాడు. లోపలివాడూ పస్తుండాల్సిందే. బయటివాడు చస్తే బ్రహ్మహత్యా పాతకం లోపలివాడి నెత్తిన పడుతుంది. అదీ ధర్నా అంటే. కాశీ ప్రాంతంలో ఇంకా ఘోరం ఉండేది. కట్టెలు పేర్చి మధ్యలో ఒక ముసలమ్మను కూర్చోబెట్టి, శిస్తు కోసం నౌకర్లు దగ్గరికొస్తే నిప్పంటిస్తామనేవారు. గవర్నర్ జనరల్‌గా ఉన్న జాన్ షోర్ ఈ ఆచారాలను ఏషియాటిక్ రీసెర్చెస్ సంపుటంలో వర్ణించాడు. 1795లోనే కాశీ ప్రాంతానికి నిషేధ రెగ్యులేషన్ వచ్చింది. కలెక్టరేట్ ముందు టెంటు వేసి కూర్చునే ఇవాళ్టి ధర్నాకు ఆ పేరు అక్కడి నుంచి వచ్చిందే.

మెకాలే నాయకత్వంలోని లా కమిషన్ 1837లో ముసాయిదా ఇచ్చింది. అది 1860లో భారత శిక్షాస్మృతి అయి, 1862 జనవరి 1న అమల్లోకి వచ్చింది. బెదిరింపుకు అది ఇచ్చిన నిర్వచనం, 503వ సెక్షన్, ఇప్పటికీ దాదాపు చెక్కుచెదరలేదు. మనిషి ఒంటికి గానీ పరువుకు గానీ ఆస్తికి గానీ, అతను తనవాళ్లనుకునేవారికి గానీ హాని చేస్తానని బెదిరించాలి. ఆ బెదిరింపు భయపెట్టడానికైనా కావాలి, లేదా చేయనక్కర్లేని పని చేయించడానికో, చేసే హక్కున్న పని మాన్పించడానికో కావాలి. హాని అంటే చట్టవిరుద్ధమైన హాని. అందుకే ‘కోర్టుకు లాగుతా’ అంటే నేరం కాదు, ‘కొంప తగలబెడతా’ అంటే నేరం. సెక్షన్ కింద ఉదాహరణ కూడా ఇదే: సివిల్ దావా మానుకోమని ఒకడు ఇంకొకడి ఇల్లు కాలుస్తానంటాడు. మామూలు బెదిరింపుకు రెండేళ్ల దాకా, చంపుతానన్నా, తగలబెడతానన్నా, ఆడమనిషి శీలం మీద నింద వేస్తానన్నా ఏడేళ్ల దాకా శిక్ష. పేరు దాచుకుని బెదిరిస్తే దానికి అదనంగా మరో రెండేళ్లు. పాపం తగిలిస్తానని భయపెట్టడం కూడా 508వ సెక్షన్‌లో నేరమైంది. గుమ్మం ముందు ధర్నా అక్కడ ఉదాహరణగా నిలిచింది.

నిర్వచనం ఇంత చక్కగా ఉన్నా తలుపు మాత్రం ఇరుకు. ఈ నేరాన్ని నాన్ కాగ్నిజబుల్‌గా పెట్టారు. అంటే మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయకూడదు. చంపుతానన్నా అంతే. శాసనోల్లంఘన ఉద్యమాన్ని అణచడానికి తెచ్చిన 1932 క్రిమినల్ లా సవరణ చట్టం మాత్రం, ప్రభుత్వం నోటిఫికేషన్ ఇస్తే బెదిరింపుకు శిక్ష చెప్పే 506వ సెక్షన్‌ను కాగ్నిజబుల్‌గా, బెయిల్ దొరకనిదిగా మార్చుకోవచ్చంది. స్వాతంత్ర్యం వచ్చాక ఉత్తరప్రదేశ్ వంటి రాష్ట్రాలు ఆ వీలును వాడుకున్నాయి. సర్కారుకు భయమేస్తే వెంటనే వెడల్పయ్యే తలుపు పాలేరు కోసం, కౌలుదారు కోసం వెడల్పు కాకపోవడం నన్ను బాధిస్తుంది.

1985 జులై 17న కారంచేడులో మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైన గొడవ ఆరుగురు దళితుల ప్రాణాలు తీసింది. ప్రాణాలు దక్కించుకున్నవాళ్లు చీరాల చేరారు. నాలుగేళ్లకు వచ్చిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం, నలుగురి కళ్లెదుట అవమానించాలని బెదిరించడాన్ని ప్రత్యేక నేరం చేసింది. ఆరు నెలలకు తగ్గని శిక్ష పెట్టింది. ఊళ్లో ఒకరి నోటి మాటా ఇంకొకరి నోటి మాటా ఒకే బరువు కావని చట్టం ఒప్పుకోవడానికి అంతకాలం పట్టింది.

పరువును అడ్డుపెట్టి బెదిరించడం మాత్రం పాతదే, పనిముట్లే కొత్తవి. ఒక అబ్బాయినీ అమ్మాయినీ బలవంతంగా వివస్త్రలను చేసి ఫొటోలు తీసి, బయటపెడతానని అమ్మాయి తండ్రిని డబ్బడిగినవాడి శిక్షను సుప్రీంకోర్టు 1960 నాటికే ఖాయం చేసింది. అరవై ఏళ్ల తర్వాత, 2020 డిసెంబరులో, హైదరాబాద్ పోలీసులు లోన్ యాప్‌ల కాల్ సెంటర్ల మీద దాడులు చేశారు. అప్పు తీసుకున్నవాళ్ల ఫోన్లోని నంబర్లన్నిటికీ మెసేజీలు పంపి పరువు తీస్తామన్న బెదిరింపులు అప్పటికే కొందరిని ఆత్మహత్యకు నెట్టాయి.

ఇటు 2015లో సుప్రీంకోర్టు కోపానికీ బెదిరింపుకూ మధ్య ఉన్న గీతకు ఇంకో వైపు నిలబడింది. బెంగళూరు ట్రాఫిక్ పోలీసుల ఫేస్‌బుక్ పేజీలో ఘాటుగా రాసిన దంపతుల మీద కేసు కొట్టేస్తూ, భయపెట్టే ఉద్దేశం లేని ఉత్త మాటలు ఈ నేరం కిందికి రావంది. 2019లో మరో తీర్పు, బెదిరించాడని పొడిగా ఆరోపిస్తే చాలదంది. రెండూ న్యాయమైనవే. కోపానికి కేసు పెట్టే సమాజంలో ఎవరూ నోరు విప్పలేరు.

2024 జులై 1 నుంచి 503, 506, 507 సెక్షన్లు కలిసి భారతీయ న్యాయ సంహితలో 351 అయ్యాయి. ప్రభుత్వోద్యోగి చేత పని చేయించడానికో, ఆపించడానికో ఆత్మహత్యాయత్నం చేస్తే 226వ సెక్షన్ కొత్తగా ఏడాది దాకా జైలో, జరిమానానో, సమాజ సేవో విధిస్తోంది. భూమి కాగితం కోసం తిరిగి తిరిగి తహసీల్దారు ఆఫీసులో పురుగుమందు డబ్బా ఎత్తే రైతును కాశీ గుమ్మం ముందు బాకు పట్టుకున్నవాడితో ఒకే గాటన కట్టడానికి నా మనసు ఒప్పదు.

ఒక మండల కేంద్రంలో, స్టేషన్ ఎదురుగా అర్జీలు రాసే బల్ల దగ్గర ఓ మధ్యాహ్నం కూర్చున్నాను. భూమి దావా నడుస్తున్న ఒకామె చెబుతోంది: “కేసు వాపస్ తీస్కో, మీ పిల్ల ఏడ బస్సు దిగుతదో నాకెరుకే అన్నడు సారూ.” అర్జీలు రాసే ఆయన అలవాటు కొద్దీ ‘చంపుతానని బెదిరించినాడు’ అని రాసి చదివి వినిపించాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

“చంపుతనన్లే సారూ. బస్సు సంగతే అన్నడు. అదే రాయి.”

ఆయన కాసేపు ఆమె మొహంలోకి చూసి, ఆ కాగితం పక్కన పెట్టి తెల్లది ఇంకొకటి తీశాడు.