రాళ్లను కాదు, సంచినే

1882 జూలై 15న బెర్లిన్‌లోని లాజరస్ ఆసుపత్రిలో సర్జన్ కార్ల్ లాంగెన్‌బుక్ 43 ఏళ్ల రోగికి పిత్తాశయాన్ని మొత్తంగా కోసి తీసేశాడు. మర్నాటికి రోగి జ్వరం లేకుండా చుట్ట కాలుస్తున్నాడట. అప్పటిదాకా సర్జన్లు ఆ సంచికి గాటు పెట్టి, అందులోని రాళ్లు ఏరి ఊరుకునేవారు. రాళ్లు ఉన్నందుకు కాదు, రాళ్లను పుట్టిస్తున్నందుకే సంచిని తీసెయ్యాలన్నది ఆయన వాదం. ఇంగ్లండ్‌లో లాసన్ టెయిట్ వంటి ఉద్దండ సర్జన్లు ససేమిరా అన్నారు. లాంగెన్‌బుక్ తలపెట్టింది క్యాన్సర్ వైద్యం కాదు. అయినా పిత్తాశయ క్యాన్సర్ నయమైన చోటల్లా పని చేసింది ఆ కత్తే. లోపొరల్లో ఉండగానే దొరికితే మామూలు ఆపరేషనే చాలు. అలా దొరికేవి చాలావరకు రాళ్ల కోసం తీసిన సంచిని ల్యాబ్‌లో చూసినప్పుడు బయటపడేవే. ముదిరాక మందులిచ్చేది నెలలే. ముదిరిన పిత్తాశయ, పిత్తనాళ క్యాన్సర్లపై 2010లో వెలువడిన ఏబీసీ-02 పరీక్షలో జెమ్‌సిటబిన్ మందు ఒక్కటే తీసుకున్నవారిలో సగంమంది 8.1 నెలలకు మించి బతకలేదు. సిస్‌ప్లాటిన్ కలిపితే అది 11.7 నెలలైంది.

అలాగని రాయున్న ప్రతివారికీ కోత పెట్టాలా? అక్కర్లేదు. రాళ్లున్నవారిలో అత్యధికులకు క్యాన్సర్ రాదు, ఆపరేషన్‌లో పిత్తనాళం తెగే ప్రమాదమూ ఉంది. పిత్తాశయ క్యాన్సర్ ఎక్కువగా ఉన్న చిలీలో లెక్క వేరు: బాధపెట్టే రాళ్లున్న 35–49 ఏళ్లవారికి 2006 నుంచి ప్రభుత్వమే ఆపరేషన్‌కు హామీ ఇస్తోంది. మన దేశంలో గంగా తీరానికీ ఇలాంటి ఆలోచనే తగును. జబ్బు తక్కువున్న దక్షిణాదికి కాదు. పిత్తనాళ క్యాన్సర్ దగ్గర మాత్రం ఈ వాదం చెల్లదు. ఈశాన్య థాయ్‌లాండ్‌లో దాని ప్రధాన మూలం పచ్చిచేపతో కడుపులోకి వెళ్లే కాలేయపు పురుగు. అక్కడ చేపను ఉడికించడమే ముందుపని.