ఐస్ హాకీ వాడుక మాటలు

ఐస్ హాకీ నియమావళిలో కనబడకుండా, ఆటగాళ్లు, కోచ్‌లు, వ్యాఖ్యాతలు, అభిమానుల నోట నలిగే పదజాలమే ఆ ఆట వాడుక భాష. ఇది ప్రధానంగా కెనడా, అమెరికా రింకుల్లో పెరిగింది. దీన్ని కుర్రకారు సరదా మాటలని తీసిపారేయడం సరికాదు. ఆట వేగమే దీన్ని పుట్టించింది. ఒక ఆటగాడు విడతకు సుమారు 45 సెకన్లే మంచు మీద ఉంటాడు. ఆ హడావిడిలో వివరంగా చెప్పే తీరిక ఎవరికీ ఉండదు. అందుకే గోల్ నాలుగు మూలలకూ అంకెలిచ్చి, గోలీ (గోల్‌కీపర్) కాళ్ల మధ్య సందును 'ఫైవ్ హోల్' అన్నారు. వల పైభాగం 'టాప్ షెల్ఫ్' అయింది. ప్రత్యర్థిని ఏమార్చే కదలికకు 'డీక్' అనే పొట్టి మాట స్థిరపడింది.

కర్రతో కొట్టే బిళ్ల అయిన పక్‌ను 'బిస్కట్' అన్నా, గోల్‌కు తోడ్పడిన పాస్‌ను 'యాపిల్' అన్నా కలిసొచ్చే సమయమేమీ లేదు కదా అని ఆక్షేపించవచ్చు. నిజమే, ఆ మాటల పని వేరు. కెనడా, స్వీడన్, ఫిన్లాండ్, చెక్ దేశాల ఆటగాళ్లు ఒకే జట్టులో ఆడేచోట ఇలాంటి మాటలు అందరినీ ఒక్కటి చేస్తాయి. ఆట చరిత్రను భద్రపరిచేవీ ఇవే. 1996లో మిషిగన్ విశ్వవిద్యాలయ ఆటగాడు మైక్ లెగ్ గోల్ వెనక నుంచి పక్‌ను కర్ర మీదికి ఎత్తి వల పైమూలలో వేశాడు. ఆ విద్య నేటికీ 'మిషిగన్' పేరుతోనే చెలామణీలో ఉంది. 'హ్యాట్రిక్' క్రికెట్ నుంచి అరువు తెచ్చుకున్నదే అయినా, హాకీ దానికి తన ముద్ర వేసింది. ఒకే మ్యాచ్‌లో ఒక గోల్, ఒక అసిస్ట్, ఒక కొట్లాట కలిస్తే, పేరొందిన ఆటగాడు గోర్డీ హౌ పేరిట 'గోర్డీ హౌ హ్యాట్రిక్' అంటారు. హౌ స్వయంగా దాన్ని సాధించింది ఎన్‌హెచ్‌ఎల్ (నేషనల్ హాకీ లీగ్)లో రెండేసార్లు.

ఈ భాష హింసను తేలిక చేస్తుందన్న విమర్శ మాత్రం బలమైనదే. తలకు దెబ్బ తగిలి మెదడు అదిరితే 'గంట మోగింది' అని నవ్వేసే అలవాటు ఎందరో గాయంతోనే ఆడేలా చేసింది. తలపై జరిగే దాడులను అరికట్టేందుకు ఎన్‌హెచ్‌ఎల్ 2010లో ప్రత్యేక నిబంధన తెచ్చింది. అయితే తప్పు మొత్తం భాషది కాదు, ప్రమాదాన్ని కప్పిపుచ్చే కొన్ని మాటలది. ఆటను స్పష్టంగా చూపే మాట నిలవాలి. గాయాన్ని దాచే మాట పోవాలి.