యెర్రగుంట్ల పేరయ్య – ఒంగోలు మాదిగల క్రైస్తవ స్వీకారము

ఆంధ్రదేశమున క్రైస్తవమత వ్యాప్తినిగూర్చి వ్రాసినవారు సాధారణముగా రెండు మార్గములలో ఒకదాని నవలంబించిరి. మిషనరీ చరిత్రకారులు దానిని విదేశములనుండి వచ్చిన బోధకుల కృషిఫలముగా వర్ణించిరి. ఆ మతమును నిరసించినవారు దానిని కరవుకాలపు గంజికి లోబడిన జనుల కథగా త్రోసిపుచ్చిరి. ఈ రెండు వాదములును పైకి పరస్పర విరుద్ధములుగా కనిపించినను ఒక్క విషయమున ఏకీభవించుచున్నవి. రెండింటను మతమును స్వీకరించినవాడు కర్త కాడు, కర్మ మాత్రమే. ఒకరి దృష్టిలో అతడు రక్షింపబడినవాడు, మరియొకరి దృష్టిలో కొనబడినవాడు. అతడు తానై ఏమి వెదకెను, దేనిని విడిచెను, తన్ను తాను ఏమని భావించుకొనెను అను ప్రశ్నలకు ఈ రెంటను తావు లేదు. 19వ శతాబ్ది ఉత్తరార్ధమున ఒంగోలు ప్రాంతపు మాదిగలు పెద్దసంఖ్యలో బాప్టిస్టు సంఘమున చేరిన వృత్తాంతమును ఆ ప్రశ్నల వెలుగున పరిశీలించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఈ విషయమున మనకు లభించు ఆధారములు ప్రధానముగా మిషనరీలు వ్రాసినవే. వానిలో రెండు ముఖ్యములు. ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రకటించిన 'వైల్ సోయింగ్ సాండల్స్' అను గ్రంథము మొదటిది. మాదిగ బోధకులు తమ పూర్వజీవితమునుగూర్చి చెప్పిన సంగతులు ఇందు విస్తారముగా కలవు. ఒంగోలు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ మరణానంతరము 1914లో వెలువడిన ఆయన ఆత్మకథ రెండవది. ఈ రెండింటను వక్తల మాట ఆంగ్లములోనికి మారి, మిషను దృష్టిలో వడియగట్టబడి మనకు చేరుచున్నది. ఆ జాగరూకతతో చదివినచో వీనియందు వ్రాసినవారు ఉద్దేశింపని సత్యములును గోచరించును.

మొదట గమనింపదగినది, ఆధ్యాత్మిక వ్యక్తిత్వము మాదిగలకు క్రైస్తవముతో క్రొత్తగా సంక్రమించినది కాదనుట. సృష్టికి పూర్వమే జన్మించిన జాంబవంతుని సంతతి తామని వారి పురాణము చెప్పును. డక్కలివారును సిందువారును ఆ జాంబపురాణమును వారియెదుట గానము చేయుచు, ప్రదర్శించుచు వచ్చిరి. వసిష్ఠుని పత్నియైన అరుంధతి తమ యింటి ఆడుబిడ్డ యని వారి విశ్వాసము. మాతంగిగా ఎన్నుకొనబడిన మాదిగ స్త్రీ దేవత ఆవేశించిన వేళ అగ్రవర్ణములవారిని తిట్టుచు, వారిపై ఉమియుచు ఊరేగెడిది. వారు దానిని అనుగ్రహముగా గ్రహించెడివారు. ఈ గౌరవము నిజమైనదే కాని అది కొన్ని గడియలది. ఆవేశము దిగినపిమ్మట మాతంగి మరల మాదిగపల్లెకే పోవలెను. తక్కిన దినములలో చచ్చిన పశువును ఈడ్చుకొనిపోవుట, రైతునకు చెప్పులును కపిలబానలును కుట్టియిచ్చుట, జాతరలో డప్పు వాయించుట, పిలిచినపుడు వెట్టికి పోవుట వారి విధులు. పురాణమున జ్యేష్ఠుడైనవాడు ఊరిలో అంత్యజుడుగా నుండుటయే ఆ జాతి అనుభవించిన వైరుధ్యము.

ఈ వైరుధ్యమునుండి వెలువడుటకు మార్గమును వెదకినవారు క్రైస్తవ మిషనరీలు రాకమునుపే కలరు. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి శిష్యులలో మాదిగ కక్కయ్య యుండెనని ప్రసిద్ధి. వీరబ్రహ్మముపేర ప్రచారమందిన బోధలు, రామానుజ మార్గమును చెప్పు దాసరులు, రాజయోగము నుపదేశించు గురువులు మాదిగపల్లెల వరకు వచ్చిరి. దేవుడు దేహమునందే కలడనియు, కులము దేహమునకేగాని ఆత్మకు లేదనియు చెప్పు ఈ గురువులను ఆశ్రయించినవారిలో యెర్రగుంట్ల పేరయ్య ఒకడు.

పేరయ్య తాళ్లకొండపాడు గ్రామమునకు చెందిన మాదిగ. తోళ్ల వ్యాపారము చేయువాడు. అతడు ఒక స్త్రీగురువు వద్ద యోగోపదేశము పొంది, క్రమముగా తానే కొందరికి ఉపదేష్ట యయ్యెను. వ్యాపారార్థము ఉత్తరదిశగా ఏలూరు ప్రాంతమునకు పోయినపుడు క్రైస్తవబోధ అతని చెవినిబడెను. ఏలూరిలో చర్చి మిషనరీ సంఘమునకు చెందిన అలెగ్జాండరును కలిసి, అతడు తన సందేహములను తీర్చుకొనెను. 1866లో, నెల్లూరినుండి పనిచేయుచుండిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జూయెట్ చేతులమీదుగా పేరయ్యయు, అతని భార్య నాగమ్మయు బాప్తిస్మము పొందిరి. క్లౌ ఒంగోలున కాపురము పెట్టినది అదే సంవత్సరము సెప్టెంబరు మాసమున. అనగా ఒంగోలునకు స్థిరముగా మిషనరీ వచ్చుటకు పూర్వమే అచటి ఉద్యమమునకు మూలపురుషుడు సిద్ధమై యుండెను.

ఈ కాలక్రమము చిన్న విషయము కాదు. 1867 జనవరిలో క్లౌ తాళ్లకొండపాటికి పోగా, అచట 28 మంది బాప్తిస్మమునకు సిద్ధముగా నుండిరి. వారికి బోధించినవాడు పేరయ్యయే. మిషనరీ అచ్చటికి విత్తువాడుగా గాక పంటను చూడవచ్చినవాడుగా వచ్చెను. పిదప ఈ బోధ వ్యాపించిన రీతియు దేశీయమైనదే. గురువు శిష్యుని యింట దిగి రాత్రివేళ ఉపదేశించు పద్ధతిని పేరయ్య వంటివారు మానలేదు. వియ్యములు, చుట్టరికములు ఉన్న పల్లెలవెంట మాట ప్రాకిపోయెను. ఒక్కొక్కడు వేరుగా నిర్ణయించుకొనుటకంటె కుటుంబములు, పల్లెపెద్దలు కూడి నిర్ణయించుట మెండు.

మిషను పక్షమునగూడ ఇది ముందుగా రచించిన ప్రణాళిక కాదు. క్లౌ ఒంగోలున ప్రవేశించిన తొలిదినములలో అగ్రవర్ణములవారు కొందరు ఆయన బోధను ఆదరించిరి. కాని అస్పృశ్యులను చేర్చుకొనినచో తాము రాజాలమని తెలిపిరి. ఆ సందిగ్ధములో క్లౌ దంపతులు ఒకరికి తెలియకుండ ఒకరు బైబిలును తెరవగా, ఇద్దరికిని పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి లేఖలో, దేవుడు లోకమున నీచులైనవారిని ఏర్పరచుకొనెనను భాగమే కనబడెనని ఆత్మకథ చెప్పుచున్నది. ఈ వృత్తాంతమునకు భక్తులు ఏ అర్థము చెప్పుకొన్నను, చరిత్రకారునకు ఒక సంగతి స్పష్టము. మాదిగలు వచ్చి తలుపు తట్టినందున మిషను తన మార్గమును నిర్ణయించుకొనవలసి వచ్చెను.

చేరగోరినవారికి క్లౌ మూడు నియమములు విధించెను. ఆదివారమున పనిచేయరాదు, చచ్చిన పశువుల మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. వేదాంతదృష్టితో చూచినచో ఇవి మిక్కిలి సామాన్యములు. గ్రామజీవన దృష్టితో చూచినచో ఒక్కొక్కటియు ఒక్కొక్క కట్టును తెంచునది. మాదిగవాని కాలము రైతుది. ఏడింట ఒకదినము నాదని చెప్పుట అతడు తన కాలముపై ప్రకటించుకొన్న తొలి హక్కు. పశుమాంసము అతని అస్పృశ్యతకు కారణముగా లోకము చూపునట్టిది. దానిని విడుచుటతో ఆ కారణము తొలగెను. గ్రామదేవత కొలువు మాదిగ డప్పు లేక సాగదు. అతడు రానన్నచో ఊరి పండుగయే నిలిచిపోవును. కనుకనే ఊళ్లు కోపించెను. క్రైస్తవులైనవారికి బావులు మూతపడెను, పనులు పోయెను, తప్పుడు అభియోగములు తలపైబడెను. నమ్మకము హృదయమునకు సంబంధించినదే అయినచో ఊరికి ఇంత కోపము రానక్కరలేదు. క్రొత్త వ్యక్తిత్వము మొదట దేహమునందు, దినచర్యయందు వ్యక్తమయ్యెను.

ఇక 1876–78 నాటి కరవు. ఈ ఘట్టమే విమర్శకులకు ముఖ్యాధారము గనుక దీనిని నిదానముగా పరిశీలింపవలెను. యౌవనమున భూములను కొలుచు పని చేసియుండిన క్లౌ, బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి అచట పని కల్పించెను. మాదిగ బోధకులు మేస్త్రీలుగా నుండి, పగలు పని చేయించుచు, విరామవేళల బోధించిరి. కాని కరవు సాగినంతకాలము ఆయన బాప్తిస్మము లిచ్చుట నిలిపివేసెను. అన్నముకొరకు వచ్చిరను మాట పడరాదని ఆయన తలంపు. పనులు ముగిసి, ఇక ఇచ్చుటకు ఏమియు లేదని చెప్పినపిమ్మటనే, 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ తీరమున వెల్లంపల్లి వద్ద ఒక్క దినమున 2222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంవత్సరమున చేరినవారి సంఖ్య తొమ్మిదివేలు మించెను.

ఈ సంఖ్యలను బట్టి కరవునకు ఏ ప్రభావమును లేదనుట సాహసమగును. ఆకలిదినములలో ఆదుకొన్నవానిని జనులు మరువరు. రోమన్ కాథలిక్ గురువులు ఆ ప్రాంతమునకు వచ్చుటయు క్లౌ జాగును వీడుటకు ఒక కారణమయ్యెను. కాని కరవునకు పూర్వమే పది పండ్రెండేండ్లుగా పల్లెపల్లెకు నడచిన పేరయ్యవంటి వారి బోధ లేనిచో, కాలువగట్టున కలిసినవారు కూలి ముట్టినంతనే చెదరిపోయెడివారే. కరవు గుమిగూర్చినది, వెదకుట అంతకుముందే ఆరంభమైనది. అన్నమును కోరుటయు గౌరవమును కోరుటయు ఒకే మనుష్యునిలో కలిసియుండరాదను నియమమును మనము బీదవారి విషయముననే ఏల విధింపవలెను?

ఈ నూతన జీవితమునకు వాగ్రూపము నిచ్చినది తెలుగే. పాపము, రక్షణ, నూతన జన్మము, ఆత్మ మొదలగు పదములు పూర్వమతములలో వాడుకపడినవే. యోగగురువుల నోట వినిన పదములు క్రొత్తయర్థముతో మరల చెవినిబడుటచే బోధ పరాయిదిగా తోపలేదు. బ్రాహ్మణ కుటుంబమున 1803లో జన్మించి, 1833లో బాప్తిస్మము పొందిన పురుషోత్తమ చౌదరి రచించిన కీర్తనలు దేశీయ రాగతాళములతో తెలుగు క్రైస్తవ సంఘములన్నిట వ్యాపించెను. బ్రాహ్మణుడు ఏకాకియై చేసిన అన్వేషణయు, మాదిగపల్లె సామూహికముగా చేసిన అన్వేషణయు ఒకే పాటలో కలిసికొనుట తెలుగు సాహిత్యచరిత్ర ఇంకను తగినంత గుర్తింపని విశేషము.

అయినను ఈ మార్పునకు చెల్లించిన మూల్యమును, దాని పరిమితులను దాచరాదు. విగ్రహారాధనతోపాటు మాతంగి యధికారము పోయెను. డప్పు అనేక పల్లెలలో పాపచిహ్నమయ్యెను. జాంబపురాణమును వినువారు తగ్గిరి. పశుమాంసమును విడుచుటలో ఆత్మగౌరవము ఎంత కలదో, అగ్రవర్ణముల శౌచభావమును అంగీకరించుటయు అంత కలదేమో యని సందేహింపవచ్చును. కులమును దాటివచ్చిన సంఘములు కులమును వెంటబెట్టుకొనియే వచ్చెను. ఒంగోలు బాప్టిస్టు సంఘములలో మాదిగలును, ఏలూరు, బందరు ప్రాంతముల ఆంగ్లికన్ సంఘములలో మాలలును అధికులగుటచే, మిషను భేదము కులభేదముతో కలిసిపోయెను.

విడిచినది నిజముగా విడువబడెనా యను ప్రశ్నకు సాహిత్యము చక్కని సమాధానము నిచ్చుచున్నది. వినుకొండలో 1895లో క్రైస్తవ కుటుంబమున జన్మించిన గుఱ్ఱము జాషువ 1941లో 'గబ్బిలము' ప్రకటించెను. అందలి నాయకుడు అరుంధతీసుతుడు. అతడు గబ్బిలముద్వారా సందేశము పంపునది కాశీలోని శివునికి. ఆ కవియే పిదప 'క్రీస్తుచరిత్ర' వ్రాసి 1964లో సాహిత్య అకాడమీ పురస్కారమునందెను. ఈ రెండు కావ్యములును ఒకే వ్యక్తిత్వమునుండి వెలువడినవి. నూతన జన్మము పూర్వజన్మ స్మృతిని తుడిచివేయలేదు. ఆ స్మృతిని తలయెత్తి చెప్పు ధైర్యము నిచ్చెను.

స్వతంత్ర భారతమున ఈ సమస్య మరియొక రూపము ధరించెను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తరువు షెడ్యూల్డు కులముల గుర్తింపును హిందువులకు పరిమితము చేసెను. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును అది విస్తరింపబడెను. క్రైస్తవులకు విస్తరింపబడలేదు. ఆంధ్రప్రదేశమున వారు వెనుకబడిన తరగతులలో 'సి' వర్గముగా లెక్కింపబడిరి. అందుచే సంఘపు పుస్తకమున ఒక పేరును, ప్రభుత్వపు పుస్తకమున మరియొక పేరును గల కుటుంబములు ఏర్పడెను. మతము మారినవానికి కులబాధ తొలగినదని శాసనము భావించినను, ఊరిబావి అట్లు భావింపలేదు. తన్ను తాను పిలుచుకొను పేరును దాచుకొననిదే తనకు రావలసిన హక్కును పొందలేని స్థితి, ఆధ్యాత్మిక స్వాతంత్ర్యమునకు గల లౌకికమైన వెలను తెలుపుచున్నది.

కావున ఒంగోలు ఉద్యమమును దానమనియో వంచనయనియో ఒక్కమాటలో తేల్చుట న్యాయము కాదు. యోగమున వెదకినవాడే క్రీస్తునందును వెదకెను. పేరయ్య ఒక మతమునుండి మరియొక మతమునకు త్రోయబడినవాడు కాడు. తోళ్లమూటతో బయలుదేరి దారియడుగుచు నడచినవాడు. అతనివంటి బోధకుల పేర్లును, వారు పల్లెలలో పలికిన తెలుగును, వారి సంతతివారి జ్ఞాపకములందు నిలిచియున్న కథలును సేకరించుట నేటి పరిశోధక విద్యార్థుల కర్తవ్యము. మిషను దస్త్రములు భద్రముగానే యున్నవి. వృద్ధుల నోటిమాటకు అట్టి భద్రత లేదు.